సన్‌వుల్వ్స్

సన్‌వుల్వ్స్ జపాన్‌కు చెందిన ఒకప్పటి వృత్తి రగ్బీ జట్టు. దక్షిణార్ధగోళ దేశాల అగ్రశ్రేణి క్లబ్బు పోటీ అయిన సూపర్ రగ్బీలో 2016 నుంచి 2020 వరకు ఐదు సీజన్లు ఆడింది. ఆ పోటీలో చోటు పొందిన తొలి ఆసియా జట్టు ఇదే. టోక్యోను ప్రధాన కేంద్రంగా, సింగపూర్‌ను రెండో కేంద్రంగా చేసుకుని నడిచింది. మొత్తం 68 మ్యాచ్‌లు ఆడి తొమ్మిదింటిలో గెలిచింది, ఒకటి సమం చేసుకుంది, 58 ఓడింది.

ఈ లెక్క ఒక్కటే చూస్తే ఇది విఫల ప్రయత్నం. అయితే జట్టు పెట్టినవారి ఉద్దేశం పట్టికలో పైకి ఎగబాకడం ఒక్కటే కాదు. 2019 ప్రపంచ కప్‌కు ఆతిథ్యం ఇవ్వబోతున్న జపాన్‌కు ఏటా నెలల తరబడి గట్టి ప్రత్యర్థులతో ఆడే అవకాశం కావాలి. అది ఆసియాలో దొరకదు. ఆ కొరత తీర్చడానికి పుట్టిన జట్టు కాబట్టి దాని చరిత్రను సూపర్ రగ్బీ పట్టికతోనూ, జపాన్ జాతీయ జట్టు ఎదుగుదలతోనూ కలిపి చూడాలి. ఈ వ్యాసంలో రగ్బీ అంటే పదిహేను మంది ఆడే రగ్బీ యూనియన్ అని అర్థం.

పోటీ నేపథ్యం: సూపర్ రగ్బీ

రగ్బీ యూనియన్ 1995 ఆగస్టు వరకు అధికారికంగా ఔత్సాహికుల ఆట. ఆడినందుకు జీతం పుచ్చుకోకూడదన్న నియమం అప్పుడే తొలగిపోయింది. ఆ ఏడాదే దక్షిణాఫ్రికా, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా రగ్బీ సంఘాలు కలిసి శాంజార్ అనే ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. 1996లో ‘సూపర్ 12’ పేరుతో పోటీ మొదలైంది. న్యూజీలాండ్ నుంచి ఐదు, దక్షిణాఫ్రికా నుంచి నాలుగు, ఆస్ట్రేలియా నుంచి మూడు జట్లు ఆడాయి. 2006లో వెస్టర్న్ ఫోర్స్, చీతాస్ చేరడంతో అది సూపర్ 14 అయింది. 2011లో మెల్‌బోర్న్ రెబెల్స్ రాకతో జట్లు 15కు చేరాయి, పోటీ పేరు సూపర్ రగ్బీగా స్థిరపడింది.

ఇందులో ఆడేవి దేశాల జట్లు కావు, ఒక ఊరివాళ్లు పెట్టుకున్న పాతకాలపు క్లబ్బులూ కావు. ఒక ప్రాంతంలోని మేటి ఆటగాళ్లను, కొందరు విదేశీయులను ఒప్పందాల మీద కూడగట్టిన వృత్తి జట్లు. మనవాళ్లకు తెలిసినదానితో పోల్చాలంటే ఐపీఎల్ జట్టు రూపం గుర్తుకు తెచ్చుకోవచ్చు. ముఖ్యమైన తేడా ఏమిటంటే, ఇక్కడ చాలా జట్ల పగ్గాలు ఆయా దేశాల రగ్బీ సంఘాల చేతుల్లోనే ఉంటాయి. జాతీయ జట్టుకు ఆటగాళ్లను తయారుచేసే పని కూడా ఈ జట్లదే. ఆదాయంలో ప్రధాన భాగం టెలివిజన్ ప్రసార హక్కుల నుంచి వస్తుంది. జట్ల సంఖ్య పెరిగినప్పుడల్లా వెనక పనిచేసిన ప్రధాన కారణాల్లో ఒకటి కొత్త ప్రసార మార్కెట్ల కోసం వెతుకులాట.

జపాన్‌లో రగ్బీ

జపాన్‌లో ఈ ఆటకు పాతకాలపు వేళ్లున్నాయి. 1899లో టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ బ్రామ్‌వెల్ క్లార్క్, గిన్నోసుకె తనాకా విద్యార్థులకు రగ్బీ నేర్పారు. జపాన్ రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 1926లో ఏర్పడింది. టోక్యో నడిబొడ్డున ఉన్న చిచిబు యువరాజు స్మారక మైదానం 1947 నుంచి ఈ ఆటకు ప్రధాన వేదిక. కెయో, వసెద, మెయిజి వంటి విశ్వవిద్యాలయాల మధ్య జరిగే మ్యాచ్‌లకు జనం విరగబడి వచ్చేవారు. చదువు ముగిశాక ఆటగాళ్లు తొషిబా, సంతోరి, కోబె స్టీల్, పానసోనిక్, టొయోటా వంటి సంస్థల్లో ఉద్యోగులుగా చేరి ఆ కంపెనీల జట్లకు ఆడేవారు. ఈ కంపెనీ జట్లన్నిటినీ ఒక జాతీయ పోటీ కిందికి తెచ్చినది 2003లో మొదలైన టాప్ లీగ్.

ఈ కంపెనీ పద్ధతికి మేలూ కీడూ రెండూ ఉన్నాయి. ఆటగాడికి ఆట ముగిశాక కూడా ఉద్యోగం ఉంటుంది, జట్టుకు కంపెనీ డబ్బు ఉంటుంది. అందువల్లనే న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల నుంచి పేరున్న ఆటగాళ్లు జపాన్‌కు వచ్చి ఆడారు. ఇంకోవైపు, ఆటగాడి మీద మొదటి హక్కు కంపెనీదే. జాతీయ సంఘం కొత్త జట్టు పెట్టాలన్నా కంపెనీల సమ్మతి అడిగి తీరాలి. సన్‌వుల్వ్స్ కథలో ఈ చిక్కు మొదటి నుంచి చివరిదాకా కనిపిస్తుంది.

అంతర్జాతీయ రంగంలో జపాన్ చాలాకాలం వెనకబడే ఉంది. 2015కు ముందు ప్రపంచ కప్‌లలో జపాన్ గెలిచినది ఒకే ఒక్క మ్యాచ్, 1991లో జింబాబ్వే మీద 52-8 స్కోరుతో. 1995లో దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్‌లో న్యూజీలాండ్ చేతిలో 145-17తో ఓడింది. ఆసియా పోటీల్లో మాత్రం హాంకాంగ్, దక్షిణ కొరియాల మీద సునాయాసంగా గెలిచేది. ఇంటిదగ్గర పోటీ లేకపోవడం, బయట పోటీకి నిలవలేకపోవడం ఒకే సమస్యకు రెండు ముఖాలు. 2009లో, పదేళ్ల తర్వాత జరిగే 2019 ప్రపంచ కప్ ఆతిథ్యం జపాన్‌కు దక్కడంతో ఈ సమస్యకు గడువు తేదీ వచ్చిపడింది.

విడివిడిగా కొందరు ఆటగాళ్లు ముందే దారి తీశారు. 2013లో స్క్రమ్ హాఫ్ స్థానంలో ఆడే ఫుమియాకి తనాకా న్యూజీలాండ్‌లోని హైలాండర్స్ తరఫున, హుకర్ స్థానంలో ఆడే షోత హోరియె మెల్‌బోర్న్ రెబెల్స్ తరఫున సూపర్ రగ్బీ ఆడారు. 2015లో మైకేల్ లీచ్ న్యూజీలాండ్‌లోని చీఫ్స్ జట్టులో చేరాడు. ఇద్దరు ముగ్గురికి దొరికిన అనుభవం ముప్పై మందికి దొరికేలా చేయడమెలా అన్నది జపాన్ సంఘం ముందు నిలిచిన ప్రశ్న.

ప్రవేశం: 18 జట్ల విస్తరణ

2016లో పోటీని 18 జట్లకు పెంచాలని శాంజార్ నిర్ణయించింది. దక్షిణాఫ్రికాకు చెందిన సదరన్ కింగ్స్ తిరిగి రావడం, అర్జెంటీనాకు ఒక జట్టు ఇవ్వడం ముందుగా ఖరారైన విషయాలు. మిగిలిన 18వ స్థానానికి టోక్యో, సింగపూర్ పోటీపడ్డాయి. 2014 నవంబరులో టోక్యో ప్రతిపాదనకు మొగ్గు దక్కింది. కొన్ని ఇంటి మ్యాచ్‌లు సింగపూర్‌లో ఆడాలన్న ఏర్పాటుతో రెండో పోటీదారు నగరానికీ ఇందులో భాగం ఇచ్చారు. అర్జెంటీనా చేరికతో నిర్వాహక సంస్థ పేరు కూడా శాంజార్ అన్న మాటకు మరో అక్షరం చేర్చుకుని శాంజాఆర్ అయింది.

ఇక్కడ కాలక్రమం గమనించాలి. 2015 సెప్టెంబరు 19న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో జపాన్ 34-32తో దక్షిణాఫ్రికాను ఓడించింది. ప్రపంచ కప్ చరిత్రలో అంతటి సంచలనం మరొకటి లేదు. ఆ గెలుపు వల్లే జపాన్‌కు సూపర్ రగ్బీలో చోటు దక్కిందనుకోవడం పొరపాటు. ప్రవేశ నిర్ణయం అంతకు దాదాపు పది నెలల ముందే జరిగిపోయింది. బ్రైటన్ గెలుపు చేసిన మేలు వేరు: అప్పటిదాకా కాగితాల మీద ఉన్న జట్టు పట్ల జపాన్ ప్రజల్లో ఆసక్తి పుట్టించింది.

నిజానికి ఆ 2015 సంవత్సరమంతా జట్టుకు గడ్డుకాలం. ప్రపంచ కప్ సన్నాహాలు, కంపెనీలతో ఒప్పందాలు, విదేశీ క్లబ్బుల పిలుపుల మధ్య ఆటగాళ్ల సంతకాలు సేకరించడం కష్టమైంది. రగ్బీ వ్యవహారాల డైరెక్టర్‌గా నియమితుడైన అప్పటి జాతీయ కోచ్ ఎడ్డీ జోన్స్ ఆ బాధ్యత నుంచి తప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఇంగ్లండ్ జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. సన్‌వుల్వ్స్ తొలి ప్రధాన కోచ్‌గా న్యూజీలాండ్ మాజీ హుకర్ మార్క్ హామెట్ వచ్చాడు. సన్నాహానికి ఆయనకు చిక్కిన వ్యవధి చాలా తక్కువ.

పేరు, నిర్వహణ, మైదానాలు

ప్రజల నుంచి వచ్చిన సూచనల్లోంచి ఎంచుకున్న ‘సన్‌వుల్వ్స్’ పేరును 2015 అక్టోబరులో ప్రకటించారు. సూర్యుడు జపాన్ జాతీయ చిహ్నం. తోడేళ్లు గుంపుగా కలిసి వేటాడతాయి కనుక జట్టు ఐకమత్యానికి గుర్తు. అభిమానులు ఈ పేరును మనసారా అందుకున్నారు. చిచిబు మైదానంలో ట్రై (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) పడినప్పుడు తోడేలు కూత పెట్టడం అలవాటుగా మారింది.

జట్టును నడిపేందుకు జపాన్ రగ్బీ యూనియన్ కింద జపాన్ సూపర్ రగ్బీ అసోసియేషన్ అనే ప్రత్యేక సంస్థను పెట్టారు. ఏ కంపెనీకీ ఇది సొంత జట్టు కాదు. టాప్ లీగ్ కంపెనీల దగ్గర పనిచేసే ఆటగాళ్లు ఆ లీగ్ సీజన్ అయిపోయాక ఫిబ్రవరి నుంచి జులై వరకు దీనికి ఆడేవారు. ఇంటి మ్యాచ్‌లు ఎక్కువగా చిచిబు మైదానంలో, కొన్ని సింగపూర్ నేషనల్ స్టేడియంలో జరిగాయి. 2018లో ఒక మ్యాచ్‌కు హాంకాంగ్ వేదిక అయింది.

పోటీ నిర్మాణంలో స్థానం

18 జట్లను నాలుగు విభాగాలు చేశారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లకు చెరొకటి, ఆఫ్రికా పేరుతో రెండు. సన్‌వుల్వ్స్‌ను ఆఫ్రికా ఒకటో విభాగంలో బుల్స్, స్టార్మర్స్, చీతాస్‌ల పక్కన వేశారు. ఆసియా జట్టును ఆఫ్రికా విభాగంలో ఉంచడానికి భూగోళం ఒప్పుకోదు. ఖాళీ ఉన్న చోట సర్దుబాటు చేసిన ఏర్పాటు అది. సొంత విభాగంలోని మూడు జట్లతో రెండేసి చొప్పున ఆరు, రెండో ఆఫ్రికా విభాగంలోని నాలుగు జట్లతో నాలుగు, ఆస్ట్రేలియా లేదా న్యూజీలాండ్ విభాగంలోని ఐదు జట్లతో ఐదు, కలిపి సీజన్‌కు 15 మ్యాచ్‌లు. 2016లో ఆస్ట్రేలియా జట్లు, 2017లో న్యూజీలాండ్ జట్లు ఎదురయ్యాయి.

గెలుపుకు నాలుగు పాయింట్లు, సమమైతే రెండు. ప్రత్యర్థి కంటే కనీసం మూడు ట్రైలు ఎక్కువ చేసిన జట్టుకు ఒక అదనపు పాయింటు, ఏడు లేదా అంతకు తక్కువ తేడాతో ఓడిన జట్టుకు కూడా ఒకటి.

ఈ నాలుగు విభాగాల పద్ధతి రెండేళ్లకు మించి నిలవలేదు. ఏ జట్టు ఎవరితో ఆడుతుందో, నాకౌట్‌కు ఎలా చేరుతుందో ప్రేక్షకులకు అర్థం కాలేదు. 2018 నుంచి జట్లను 15కు తగ్గించారు. సదరన్ కింగ్స్, చీతాస్ యూరప్‌లోని ప్రో 14 పోటీకి వెళ్లిపోయాయి, ఆస్ట్రేలియా వెస్టర్న్ ఫోర్స్‌ను వదులుకుంది. సన్‌వుల్వ్స్ ఆస్ట్రేలియా విభాగంలోకి మారి బ్రంబీస్, రెడ్స్, రెబెల్స్, వారటాస్‌ల సరసన చేరింది. సీజన్‌కు మ్యాచ్‌లు 16 అయ్యాయి.

ప్రయాణ భారం

రగ్బీ దెబ్బలు తగిలే ఆట. ఒక మ్యాచ్ ఆడిన శరీరం కోలుకోవడానికి దాదాపు వారం పడుతుంది. సన్‌వుల్వ్స్ ఆ వారాన్ని తరచు విమానాల్లో గడిపింది. టోక్యో నుంచి సింగపూర్ సుమారు 5,300 కిలోమీటర్లు. అంటే ‘ఇంటి మ్యాచ్’ కోసమే సముద్రాలు దాటాలి. టోక్యోకు, దక్షిణాఫ్రికాకు మధ్య గడియారం ఏడు గంటలు తేడా, బ్యూనస్ ఎయిరిస్‌కు పన్నెండు గంటలు. టోక్యోలో ఫిబ్రవరి చలిలో ఆడిన ఆటగాళ్లు సింగపూర్ ఉక్కలో, ఆ తర్వాత సముద్రమట్టానికి చాలా ఎత్తున ఉన్న జొహానెస్‌బర్గ్, ప్రిటోరియా పీఠభూమి గాలిలో ఆడవలసి వచ్చింది. ఎదుటి జట్లకూ టోక్యో ప్రయాణం భారమే. కానీ వాటికి అది ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బంది, ఈ జట్టుకు నిత్యకృత్యం. ఓటముల లెక్క చెప్పేటప్పుడు ఈ సంగతి విడిచిపెట్టడం న్యాయం కాదు.

సీజన్‌ల చరిత్ర

2016. తొలి మ్యాచ్ ఫిబ్రవరి 27న చిచిబు మైదానంలో దక్షిణాఫ్రికా జట్టు లయన్స్‌తో జరిగింది. షోత హోరియె కెప్టెన్. 26-13తో ఓడినా, ఈ జట్టు నిలబడదన్న జోస్యాలకు మొదటి జవాబు ఆ రోజే దొరికింది. తర్వాత సింగపూర్‌లో చీతాస్ చేతిలో 32-31, బుల్స్ చేతిలో 30-27, పోర్ట్ ఎలిజబెత్‌లో కింగ్స్ చేతిలో 33-28. గెలుపు అందినట్టే అంది మూడుసార్లు జారిపోయింది. ఏప్రిల్ 15న బ్లూమ్‌ఫాంటీన్‌లో చీతాస్ 92-17తో చిత్తుచేసింది. 1995లో జపాన్ 145 పాయింట్లు సమర్పించుకున్న ఊరు అదే కావడంతో పాత గాయం మళ్లీ రేగింది.

సరిగ్గా ఎనిమిది రోజులకు, ఏప్రిల్ 23న టోక్యోలో అర్జెంటీనా జట్టు హాగ్వారెస్‌ను 36-28తో ఓడించింది. సన్‌వుల్వ్స్ తొలి విజయం అదే. ఎదుటి జట్టు తక్కువదేమీ కాదు, ఆరు నెలల ముందు ప్రపంచ కప్ సెమీఫైనల్ ఆడిన అర్జెంటీనా ఆటగాళ్లతో నిండిన జట్టు. మే 14న సింగపూర్‌లో స్టార్మర్స్‌తో 17-17 సమం. సీజన్ ముగిసేసరికి ఒక గెలుపు, ఒక సమం, 13 ఓటములు, చివరి స్థానం.

2017. ఫిలో టియాటియా ప్రధాన కోచ్. హరుమిచి తటెకావా, ఎడ్ క్వర్క్ ఉమ్మడి కెప్టెన్లు. టోక్యోలో న్యూజీలాండ్ జట్టు హరికేన్స్ చేతిలో 83-17 ఓటమితో సీజన్ మొదలైంది. ఏప్రిల్‌లో బుల్స్‌పై 21-20 గెలుపు. జులై 1న జొహానెస్‌బర్గ్‌లో లయన్స్ 94-7తో ఓడించింది. రెండు వారాల తర్వాత, నడివేసవి టోక్యో ఎండలో న్యూజీలాండ్‌కు చెందిన బ్లూస్‌ను 48-21తో ఓడించింది. న్యూజీలాండ్ జట్టుపై ఇది తొలి గెలుపు. మొత్తం రెండు విజయాలు, 18 జట్లలో 17వ స్థానం.

2018. జాతీయ కోచ్ జేమీ జోసఫ్ స్వయంగా జట్టు పగ్గాలు అందుకున్నాడు. జాతీయ జట్టుకు, సన్‌వుల్వ్స్‌కు ఒకే ఆట తీరు, ఒకే సంకేతాలు, ఒకే శిక్షకులు ఉండాలన్నది ఆలోచన. వాళ్ల ఆటలో వేగం ప్రధానం. ఎత్తు బరువుల్లో ఎదుటివారికి సరితూగలేరు కాబట్టి బంతిని త్వరగా విడిపించి, వెడల్పుగా తిప్పి, కాలితో ప్రత్యర్థి వెనక ఖాళీల్లోకి తన్ని పరిగెత్తించేవారు. మే నెల దాకా ఒక్క గెలుపూ లేదు. మే 12న టోక్యోలో రెడ్స్‌ను 63-28తో ముంచెత్తారు. ఫ్లై హాఫ్ హేడెన్ పార్కర్ ఒక్కడే 36 పాయింట్లు సాధించాడు. వారం తర్వాత హాంకాంగ్‌లో స్టార్మర్స్‌పై 26-23. చివరి క్షణాల్లో పార్కర్ కొట్టిన డ్రాప్ గోల్ (బంతిని నేలకు వదిలి, ఎగసినప్పుడు తన్ని చేసే గోల్) ఆ మ్యాచ్‌ను గెలిపించింది. జట్టుకు వరుసగా రెండు విజయాలు దక్కడం అదే మొదటిసారి. జూన్ 30న సింగపూర్‌లో బుల్స్‌పై 42-37. ఒక సీజన్‌లో మూడు గెలుపులు సన్‌వుల్వ్స్ చరిత్రలో అత్యధికం. అయినా పట్టికలో చివరి స్థానమే.

2019. ప్రపంచ కప్ సంవత్సరం. జాతీయ జట్టు ముఖ్య ఆటగాళ్లను వేరుగా శిక్షణ శిబిరంలో ఉంచి, అవసరాన్నిబట్టి కొందరినే పంపారు. టోనీ బ్రౌన్ ప్రధాన కోచ్. మార్చి 2న హామిల్టన్‌లో చీఫ్స్‌పై 30-15 విజయం, సొంతగడ్డ వెలుపల ప్రత్యర్థి మైదానంలో తొలి గెలుపు. న్యూజీలాండ్ రగ్బీ అభిమానులను నివ్వెరపరిచిన ఫలితం అది. మార్చి 29న ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో వారటాస్‌పై 31-29. అంతకు వారం ముందే చాంపియన్ క్రూసేడర్స్‌ను ఓడించి వచ్చిన వారటాస్ అది. ఈ రెండు విజయాల మధ్యే జట్టు భవిష్యత్తు ముగిసిపోయింది (చూ. తొలగింపు). రెండు గెలుపులు, 14 ఓటములతో మళ్లీ చివరి స్థానం.

2020. జపాన్‌కు చెందిన నయోయ ఓకుబో ప్రధాన కోచ్ అయ్యాడు. ప్రపంచ కప్ వల్ల టాప్ లీగ్ జనవరికి జరగడంతో కంపెనీలు ఆటగాళ్లను వదలలేకపోయాయి. విదేశీయులు, విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసిన జట్టు బరిలోకి దిగింది. వసెద విద్యార్థి నవోతొ సైతో, తెన్రి విద్యార్థి షియొసాయియ ఫిఫిత అలా వచ్చినవారే. ఫిబ్రవరి 1న ఫుకువోకలో రెబెల్స్‌ను 36-27తో ఓడించారు. ఓ సీజన్‌ను గెలుపుతో మొదలుపెట్టడం అదే మొదలు, అదే ఆఖరు. తర్వాత కోవిడ్ వల్ల ఇంటి మ్యాచ్‌లు ఆస్ట్రేలియాకు తరలాయి. మార్చి 14న బ్రిస్బేన్‌లో క్రూసేడర్స్ చేతిలో 49-14తో ఓడిన తర్వాత పోటీ ఆగిపోయింది. ఆస్ట్రేలియాలో జరపదలచిన పోటీలో పాల్గొనే వీలు లేకపోవడంతో జూన్‌లో ఆ అధ్యాయం ముగిసింది.

ఆటగాళ్ల కూర్పు

సన్‌వుల్వ్స్‌కు ఆడాలంటే జపాన్ పౌరుడు కానక్కరలేదు. జపాన్‌లో పుట్టినవారు, జపాన్ కంపెనీ జట్లలో ఏళ్ల తరబడి ఆడి జాతీయ జట్టుకు అర్హత సంపాదించిన విదేశీయులు, ఆ అర్హత కోసం ఎదురుచూస్తున్నవారు, కేవలం వృత్తి రీత్యా వచ్చినవారు, అందరూ ఉన్నారు. అప్పటి ప్రపంచ రగ్బీ నియమం ప్రకారం 36 నెలలు వరుసగా నివసించిన ఆటగాడు ఆ దేశానికి ఆడవచ్చు. తర్వాత ఈ గడువు 60 నెలలకు పెరిగింది. సమోవాకు చెందిన ఫ్లై హాఫ్ తూసి పీసి, న్యూజీలాండ్ నుంచి వచ్చిన హేడెన్ పార్కర్, దక్షిణాఫ్రికాకు చెందిన విల్లీ బ్రిట్స్ ముఖ్యమైన విదేశీయులు. జపాన్ వైపు నుంచి లాక్ స్థానంలో ఆడే హితోషి ఓనో 37 ఏళ్ల వయసులో ఈ పోటీలో తొలిసారి అడుగుపెట్టాడు. జాతీయ జట్టులో ఏళ్లపాటు సేవ చేసి, క్రీడాజీవితం చివరి దశలో ఈ స్థాయి ఆట చూడగలిగినవాడు ఆయన.

విదేశీయులు మరీ ఎక్కువయ్యారన్న విమర్శ చివరి రెండు సీజన్లలో బలంగా వినిపించింది. జాతీయ జట్టు కోసం పెట్టిన జట్టులో జాతీయ ఆటగాళ్లు తక్కువైతే దాని అవసరమేమిటన్న ప్రశ్న సహేతుకమైనదే. దానికి కారణం ఎంపికలో పక్షపాతం కన్నా కంపెనీల క్యాలెండరు, ప్రపంచ కప్ శిబిరాలు.

జాతీయ జట్టుతో సంబంధం

2019 ప్రపంచ కప్‌లో జపాన్ తన విభాగంలోని నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. షిజుఒకలో ఐర్లండ్‌ను 19-12తో, యొకొహామాలో స్కాట్లండ్‌ను 28-21తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరిన తొలి ఆసియా జట్టయింది. క్వార్టర్స్‌లో దక్షిణాఫ్రికా చేతిలో 26-3తో ఓడింది, ఆ కప్పు గెలిచింది దక్షిణాఫ్రికాయే.

ఆ జట్టులో సన్‌వుల్వ్స్‌కు ఆడినవారు అత్యధికులు. షోత హోరియె, కెయిత ఇనగాకి, యుతక నగారె, యు తమురా, కజుకి హిమెనో, తిమొతి లఫయేలే, కెంకి ఫుకువోక, కొతరో మత్సుషిమా, 2018లో సన్‌వుల్వ్స్‌లో చేరిన కెప్టెన్ మైకేల్ లీచ్ వారిలో ముఖ్యులు. ఐర్లండ్ వంటి జట్టు ముందు 80 నిమిషాలు ఊపిరి సడలకుండా వేగం నిలబెట్టడం ఒక్క శిబిరంలో నేర్చుకునేది కాదు. వారం వారం ఓడుతూ, ఓటమికి ఓటమికి మధ్య తేడా తెలుసుకుంటూ వచ్చిన నేర్పు అది. అయితే పూర్తి ఘనత సన్‌వుల్వ్స్‌కే కట్టబెట్టడం కూడా సరికాదు. 2019లో ముఖ్య ఆటగాళ్లు గడిపిన సుదీర్ఘ శిబిరం, టాప్ లీగ్‌లో విదేశీ కోచ్‌ల ప్రభావం, 2012 నుంచి ఎడ్డీ జోన్స్ వేసిన పునాది కూడా దీనికి కారణాలు.

తొలగింపు

2019 మార్చి 22న శాంజాఆర్ తన నిర్ణయం ప్రకటించింది: 2021 నుంచి పోటీని 14 జట్లకు తగ్గించి, ప్రతి జట్టూ ప్రతి జట్టుతో ఆడే పద్ధతి తెస్తుంది, సన్‌వుల్వ్స్‌కు 2020 చివరి సీజన్. జట్టుకు ఆర్థికంగా హామీ ఉండే స్థితిలో ఇకమీదట లేమని జపాన్ యూనియన్ తెలిపిందని సంస్థ కారణం చెప్పింది.

జపాన్ యూనియన్ లెక్కలో ప్రపంచ కప్ తర్వాత దేశంలో సొంత వృత్తి లీగ్‌ను బలపరచడం ముఖ్యం. శాంజాఆర్ లెక్కలో జపాన్ మార్కెట్ నుంచి వచ్చే ఆదాయం ప్రయాణ ఖర్చుకు, పోటీ నాణ్యతకు పరిహారం కావాలి. ఈ రెండు లెక్కలూ ఎక్కడా కలవలేదు. ప్రకటన సమయం మాత్రం కఠినంగా తోచింది. స్వదేశంలో ప్రపంచ కప్ మొదలవడానికి ఆరు నెలల ముందు, సీజన్ నడుమ ఆ మాట చెప్పారు. ఆ ప్రకటన వెలువడిన వారానికే ఆటగాళ్లు న్యూకాజిల్‌లో వారటాస్‌పై గెలిచారు.

తరువాతి పరిణామాలు

సన్‌వుల్వ్స్‌ను తీసేసి కాపాడదలచిన 14 జట్ల పోటీ అసలు మొదలే కాలేదు. కోవిడ్ వచ్చి దేశాల సరిహద్దులు మూసుకోవడంతో న్యూజీలాండ్, ఆస్ట్రేలియా వేర్వేరు పోటీలు పెట్టుకున్నాయి. దక్షిణాఫ్రికా ప్రధాన జట్లు 2021లో యూరప్‌లోని యునైటెడ్ రగ్బీ చాంపియన్‌షిప్‌కు మారాయి. అర్జెంటీనా హాగ్వారెస్‌కు కూడా చోటు పోయింది. 2022లో మొదలైన సూపర్ రగ్బీ పసిఫిక్‌లో ఫిజియన్ ద్రువా, మొఆన పసిఫికా కొత్తగా చేరాయి. జపాన్ అందులో లేదు.

2021 జూన్ 12న షిజుఒకలోని ఎకోపా స్టేడియంలో జాతీయ జట్టుతో సన్నాహక మ్యాచ్ కోసం సన్‌వుల్వ్స్‌ను ఒక్కరోజుకు మళ్లీ కూర్చారు. ఆ మ్యాచ్‌లో జాతీయ జట్టు 32-17తో గెలిచింది.

టాప్ లీగ్ 2021లో ముగిసి, 2022 జనవరిలో జపాన్ రగ్బీ లీగ్ వన్‌గా మారింది. కంపెనీల అండ కొనసాగుతూనే జట్లకు ఊరి పేర్లు, సొంత మైదానాలు, టికెట్ల బాధ్యత వచ్చాయి. విదేశాల మేటి ఆటగాళ్లు ఇప్పుడు ఇక్కడికే వచ్చి ఆడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో న్యూజీలాండ్ నుంచి చీఫ్స్, బ్లూస్ జపాన్ వచ్చి లీగ్ వన్ జట్లతో మ్యాచ్‌లు ఆడాయి. వేరే ఖండం పోటీలో ఒక జట్టును నిలపడానికి బదులు, ఆ పోటీ జట్లను తన లీగ్ దగ్గరికి రప్పించుకునే దారి జపాన్ పట్టింది.

ఇవి కూడా చూడండి: టాప్ లీగ్, లీగ్ వన్, సూపర్ రగ్బీ పసిఫిక్, రగ్బీ ప్రపంచ కప్ 2019, హాగ్వారెస్, చిచిబు యువరాజు స్మారక మైదానం.